కొండ మీది వేధశాలలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విశాఖపట్నం పాఠకుల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో పర్వత శిఖరాలమీది వేధశాలలను గురించి అడిగినవి కొన్ని ఉన్నాయి. ఒకరు కొడైకెనాల్‌కు, మరొకరు కాలిఫోర్నియాకు ప్రయాణమవుతున్నారు. ఇంకొకరు మన ఊరి పాత వేధశాల సంగతి తెలుసుకోవాలనుకుంటున్నారు. అన్నిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నందువల్ల ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో కొడైకెనాల్ వెళ్లాలనుకుంటున్నాము. అక్కడ సూర్యుణ్ణి పరిశీలించే పాత వేధశాల ఉందని మా అన్నయ్యగారు చెప్పారు. పగటిపూట అక్కడ చూడడానికి ఏముంటుంది? సరస్సు, జలపాతాలు, లోయల అంచులు చూడడానికే రెండు రోజులు చాలవంటున్నారు. వేధశాల కోసం ఒక పూట పోగొట్టుకోవడం దండగ కాదా?
(ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ)

సమాధానం: దండగ కాదు. కొడైకెనాల్‌లో ఒక్క పూట మాత్రమే చేతిలో ఉన్నా ఆ పూటను వేధశాలకే ఇవ్వమని చెబుతాను. లోయల మీద మంచు పరుచుకునే దృశ్యాన్ని చూడడానికే కదా అందరూ కొడైకెనాల్ వెళ్లేది. ఆ మంచును పుట్టించే గాలి పద్ధతికీ, ఆ కొండ మీద వేధశాల వెలవడానికీ దగ్గర సంబంధం ఉంది. దాన్ని తెలుసుకుని చూస్తే రెండూ మరింత బాగా కనిపిస్తాయి.

పళని కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 2,343 మీటర్ల ఎత్తున ఉన్న ఈ వేధశాల 1899లో ఏర్పడింది. దాని మూలాలు మద్రాసులో ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం పెట్రీ 1786లో సొంత ఖర్చుతో పెట్టుకున్న చిన్న వేధశాలను తరువాత కంపెనీ స్వీకరించి, 1792 నాటికి మద్రాసు వేధశాలగా నిలబెట్టింది. వందేళ్లపాటు అక్కడ ప్రధానంగా నక్షత్రాల స్థానాలను లెక్కకట్టే పని జరిగింది. ఆ తరువాత సూర్యుడి వైపు దృష్టి మళ్లడానికి ఉన్న కారణాల్లో రెండు తెలుగు నేలకు సంబంధించినవి.

మొదటిది 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ దాన్ని చూడడానికి గుంటూరు వచ్చాడు. సూర్యబింబం అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో, అంటే వెలుతురును రంగులుగా విడదీసి చూపే పరికరంతో, పరిశీలించి, ఆ వెలుతురులోని రంగు గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే గ్రహణం లేని రోజున కూడా వాటిని చూడవచ్చునని గ్రహించి, మరునాడే చూశాడు. సూర్యుణ్ణి ప్రతిరోజూ పరిశీలించే శాస్త్రానికి అది గట్టి పునాది. రెండవ కారణం 1876లో మొదలై రాయలసీమను పిండిచేసిన ధాత కరువు. సూర్యుడి మీద మచ్చలు పెరగడానికీ తరగడానికీ, వానలు కురవడానికీ కురవకపోవడానికీ ఏదో లంకె ఉండవచ్చునని ఆనాటి శాస్త్రజ్ఞులు కొందరు గట్టిగా భావించారు. ఆ లంకె తెలిస్తే కరువును ముందుగా పసిగట్టవచ్చునని ప్రభుత్వానికి ఆశ కలిగింది. అనుకున్నంత సులభమైన లంకె దొరకలేదు గాని, ఆ ఆశ వల్ల సూర్యుడి కోసం ప్రత్యేకంగా ఒక వేధశాల కావాలన్న వాదానికి బలం వచ్చింది. శాస్త్రవేత్త మైకీ స్మిత్ పళని, నీలగిరి కొండల్లో గాలినీ మబ్బులనూ పరీక్షించి, చివరికి కొడైకెనాల్‌ను ఎంచుకుని, దానికి మొదటి సంచాలకుడయ్యాడు.

పెద్ద పేరు తెచ్చిన పని 1909 జనవరిలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్త జాన్ ఎవర్షెడ్ సూర్యుడి మచ్చల వర్ణపటాన్ని ఫోటో తీసి చూస్తే, మచ్చ నడిబొడ్డు చుట్టూ ఉండే బూడిదరంగు అంచులో వర్ణపట గీతలు ఉండవలసిన చోటు నుంచి కొద్దిగా పక్కకు జరిగి కనిపించాయి. రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత ఒక రకంగా, దాటిపోయాక మరొక రకంగా వినిపిస్తుంది కదా. వెలుతురులో అలాంటి మార్పే ఇది. అంటే ఆ అంచులో వాయువు మచ్చ నడుమ నుంచి బయటికి సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో ప్రవహిస్తోందన్నమాట. దీన్ని ఈనాటికీ ప్రపంచమంతటా ఎవర్షెడ్ ప్రభావం అనే పిలుస్తున్నారు. ఆయన భార్య మేరీ ఎవర్షెడ్ కూడా ఆ కొండ మీదనే పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త అని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, తప్పక చెప్పండి. సూర్యజ్వాలలను గురించి ఆ దంపతులు కలిసి చేసిన అధ్యయనం అక్కడి ఫోటోల మీద ఆధారపడినదే.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది మాత్రం ఒక్క రోజులో జరిగిన ఆవిష్కరణ కాదు. 1904 నుంచి, మబ్బు పట్టని ప్రతి ఉదయం, అక్కడ సూర్యుడి ఫోటో తీస్తూ వచ్చారు. సంచాలకులు మారారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, గాజు పలకలు పోయి ఫిల్ము, ఫిల్ము పోయి కంప్యూటరు వచ్చాయి; ఫోటో మాత్రం ఆగలేదు. సూర్యుడి మచ్చలు సుమారు 11 ఏళ్లకు ఒకసారి పెరిగి తరుగుతాయి కనుక, ఒక మనిషి తన ఉద్యోగకాలమంతా చూసినా మూడు ఆవృత్తాలకు మించి చూడలేడు. అందువల్ల నూరేళ్లకు మించిన ఆ వరుసకు వెల కట్టలేము. ఇప్పుడు బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ఆధ్వర్యంలో ఆ పలకలన్నిటినీ డిజిటల్ రూపంలోకి మార్చి, ఏ దేశపు పరిశోధకులకైనా అందుబాటులో ఉంచారు.

పగటిపూట ఏముంటుందని అడిగారు. ఇది సూర్యుడి వేధశాల కనుక పగలే దాని పనివేళ. సందర్శకుల కోసం ఒక ప్రదర్శనశాల ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంటే అక్కడ అప్పటికప్పుడు పడే సూర్యబింబాన్నీ, సూర్యకాంతిని విడదీసిన రంగుల పట్టీనీ చూపిస్తారు. ఆ రంగుల పట్టీ దగ్గర పిల్లలను కాస్త ఎక్కువసేపు నిలబెట్టండి. దూరం నుంచి ఇంద్రధనుస్సు లాగే ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఎరుపు నుంచి ఊదా దాకా సన్నని నల్లటి గీతలు అడ్డంగా గీసినట్టు కనిపిస్తాయి. ఒక్కో గీత సూర్యుడి మీది ఒక్కో మూలకానికి ఆనవాలు. సోడియం గీతలు పట్టీలోని పసుపు భాగంలో జంటగా ఉంటాయి. వాటిని వెతికి పట్టుకోమని పిల్లలకు పని అప్పగిస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

1960 ప్రాంతంలో సిద్ధమైన సొరంగ దూరదర్శిని మరొక విశేషం. 11 మీటర్ల బురుజు మీద ఉన్న అద్దాలు సూర్యుడితో పాటు తిరుగుతూ, వెలుతురును కిందికి మళ్లించి, నేలలోపల అడ్డంగా తవ్విన 60 మీటర్ల సొరంగంలోకి పంపుతాయి. ఆ చీకట్లో సూర్యుడి బింబం 34 సెంటీమీటర్ల వెడల్పుతో, అంటే ఇంచుమించు భోజనం కంచమంత, ఏర్పడుతుంది. పరిశోధన సాగుతున్నప్పుడు లోపలికి అందరినీ అనుమతించరు. బురుజును బయటి నుంచి చూసి, లోపల జరిగేది పిల్లలకు వివరించినా మంచిదే.

ఇక దృశ్యం సంగతి. రాత్రంతా చల్లబడిన బరువైన గాలి లోయల్లోకి దిగి, తేమతో కలిసి మంచుగా అక్కడే నిలుస్తుంది. శిఖరం మాత్రం ఆ మంచుకు పైన, కదలిక లేని తేటగాలిలో ఉంటుంది. సూర్యోదయం తరువాత రెండు మూడు గంటల పాటు సూర్యబింబం అంచు కత్తితో కోసినట్టు స్పష్టంగా కనిపించడానికి కారణం అదే. పొద్దెక్కి కొండవాలు వేడెక్కితే, వేడిగాలి పైకి లేచి బింబాన్ని అలలాడిస్తుంది. దానితో పాటే లోయలోని మంచు కూడా పైకి పాకి శిఖరాన్ని కప్పుతుంది. శాస్త్రజ్ఞుడికి మంచి వేళ ఏదో యాత్రికుడికీ అదే మంచి వేళ. చాలామంది ఉదయం హోటల్లో ఇడ్లీ, కాఫీ నింపాదిగా ముగించి పదకొండింటికి బయలుదేరి, ఎక్కడ చూసినా తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించలేదని నిరుత్సాహపడతారు. మీరు తెల్లవారగానే కోకర్స్ వాక్ అనే లోయ అంచు బాటకు వెళ్లండి. తేటగా ఉన్న రోజున వైగై జలాశయం, దానికి ఆవల మధుర వైపు మైదానం కనిపిస్తాయి. వెనుక ఎండ, ఎదుట మంచు ఉంటే, మీ నీడ ఆ మంచు మీద పడి దాని తల చుట్టూ రంగుల వలయం ఏర్పడడం కూడా అక్కడ అప్పుడప్పుడు చూడవచ్చు. అది చూసి, ఆ తరువాత నేరుగా వేధశాలకు వెళ్లండి. విశాఖపట్నం వాళ్లకు మరొక చిన్న ఆకర్షణ ఏమిటంటే, కొడైకెనాల్‌లోనూ డాల్ఫిన్స్ నోస్ అనే కొండ ముక్కు ఒకటి ఉంది. మనది సముద్రంలోకి చొచ్చుకుపోతే అది లోయలోకి చొచ్చుకుపోతుంది.

దసరా సెలవులు మాత్రం దీనికి అనువైనవి కావు. అక్టోబరు నడిమి నుంచి ఆ కొండల మీద ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి; సూర్యుడి వేధశాలకు వెళ్లి సూర్యుణ్ణి చూడకుండా తిరిగి రావలసి వస్తుంది. పండుగ ఇంట్లో చేసుకుని, జనవరి చివర నుంచి మార్చి లోపు ప్రయాణం పెట్టుకోండి. రైలులో మధుర గాని దిండుగల్ గాని చేరి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద బస్సులోనో కారులోనో వెళ్లాలి. వాహనంలో కొండ ఎక్కేవారు ముందుగా ఈ-పాస్ తీసుకోవాలన్న నిబంధన 2024 నుంచి ఉంది. దాన్నీ, వేధశాల సందర్శన వేళలనూ బయలుదేరే ముందు సరిచూసుకోండి.

ప్రశ్న: విశాఖపట్నంలో ఒకప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నక్షత్రాలను చూసే వేధశాల ఉండేదని మా తాతగారు చెప్పేవారు. అది నిజమేనా? ఇప్పుడు చూడడానికి ఏమైనా మిగిలి ఉందా?
(ఒక డిగ్రీ విద్యార్థి, గాజువాక)

సమాధానం: మీ తాతగారు చెప్పినదానిలో చాలావరకు నిజం ఉంది. వేధశాల కొండ మీద కాదు, డాబా గార్డెన్స్‌లో ఉండేది. కొండ మీద దానికి చెందిన జెండా స్తంభం ఉండేది. నగరంలో పుట్టి పెరిగినవారిలో కూడా ఈ సంగతి తెలిసినవారు తక్కువ కావడం నాకు బాధ కలిగిస్తుంది.

గోడే వెంకట జగ్గారావు జమీందారీ కుటుంబంలో 1817లో పుట్టారు. మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టి.జి. టేలర్ దగ్గర ఖగోళ శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో డాబా గార్డెన్స్‌లోని తమ నివాసంలో సొంత ధనంతో వేధశాల నెలకొల్పారు. కొడైకెనాల్ వేధశాల పుట్టడానికి అది దాదాపు 60 ఏళ్ల ముందు మాట.

జెండా స్తంభం ఎందుకంటే, ఆనాటి ఓడలకు సరైన సమయం ప్రాణావసరం. నడిసముద్రంలో ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడ ఉందో తెలియాలంటే, ఓడలోని గడియారం తెలిసిన ఒక రేవు సమయాన్ని తప్పులేకుండా చూపిస్తూ ఉండాలి. భూమి 4 నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది కనుక, గడియారం 4 సెకన్లు తప్పితే ఓడ స్థానం లెక్కలో దాదాపు ఒక నాటికల్ మైలు తప్పుతుంది. రాత్రివేళ తీరం దగ్గర అంత తప్పు చాలు, ఓడ బండకు కొట్టుకోవడానికి. ఆ సరైన సమయం నక్షత్రాల నుంచి వస్తుంది. ఉత్తర దక్షిణాల మధ్య మాత్రమే కదిలేలా బిగించిన దూరదర్శినిలో సాలెపోగు వంటి సన్నని నిలువు గీత ఉంటుంది. తెలిసిన నక్షత్రం ఆ గీతను దాటే క్షణాన్ని పట్టుకుని గడియారాన్ని సరిదిద్దుతారు. అలా డాబా గార్డెన్స్‌లో సరిదిద్దిన సమయాన్ని రేవులోని ఓడలన్నిటికీ కనిపించేలా డాల్ఫిన్స్ నోస్ మీది జెండాతో తెలియజేసేవారు. అంత ఎత్తున, సముద్రానికి అంత ఎదురుగా ఉన్న కొండ మరొకటి ఆ రేవుకు లేదు.

జగ్గారావు 1856లో మరణించిన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాల బాధ్యత స్వీకరించారు. నగరంలోని ఏ.వి.ఎన్. కళాశాల పేరులోని అక్షరాలు ఆయన పేరువే. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిపోయినప్పుడు విశాఖపట్నం నుంచి పరిశీలించి, ఆ వివరాలను ఆ సొసైటీ పత్రికకు పంపారు. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరాన్ని కొలవడానికి ఆ ఘటన కోసం ప్రపంచమంతటి నుంచి ఓడల్లో శాస్త్రజ్ఞులు దేశాలు తిరుగుతున్న కాలంలో, మన ఊరివాడొకరు తమ తోటలోనే దూరదర్శిని బిగించి ఆ పనిలో భాగస్వామి అయ్యారు. ఊరి వాతావరణ వివరాలను కూడా ఆయన క్రమం తప్పకుండా నమోదు చేయించేవారు. 1892లో మరణించారు.

వేధశాల ఇప్పుడు లేదు. డాబా గార్డెన్స్ నిండా దుకాణాలు, వాహనాలు. ఇక్కడొక వేధశాల ఉండేదని తెలిపే పలక ఒక్కటైనా అక్కడ ప్రముఖంగా నిలిపితే బాగుంటుందని నా గట్టి కోరిక. డాల్ఫిన్స్ నోస్ మీద ఇప్పుడు దీపస్తంభం ఉంది. ఆ కొండ నౌకాదళ పరిధిలో ఉన్నందువల్ల అనుమతి నిబంధనలు కనుక్కునే వెళ్లాలి. దానికంటే సులువైన మార్గం కైలాసగిరి. అక్కడి శిఖరం నుంచి దక్షిణంగా చూస్తే తీరమంతా వంపు తిరిగి, చివర డాల్ఫిన్స్ నోస్ సముద్రంలోకి దిగిన తీరు పూర్తిగా కనిపిస్తుంది. రేవు బయట లంగరు వేసిన ఓడలు కూడా కనిపిస్తాయి. ఆ ఓడల నుంచి చూసేవారికి కొండ మీద జెండా ఎంత స్పష్టంగా కనిపించి ఉంటుందో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పనక్కరలేకుండా అర్థమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నారు. ఈ వేసవికి మేమిద్దరం వెళ్తున్నాము. లిక్ అబ్జర్వేటరీ అనే కొండమీది వేధశాలకు తీసుకువెళ్తానంటున్నాడు. దారి బాగా మలుపులట. మా ఆవిడకు ఘాట్ రోడ్డు పడదు, నాకు మోకాళ్ల నొప్పి. అంత కష్టపడి వెళ్లదగినదేనా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార)

సమాధానం: వెళ్లండి. కాస్త జాగ్రత్త పడితే మీ ఇద్దరికీ అది కష్టమైన ప్రయాణం కాదు. మలుపులు చాలా ఎక్కువన్న మాట నిజమే. అయితే ఆ దారిని 1876లో గుర్రపు బండ్ల మీద దూరదర్శిని సామగ్రిని పైకి చేరవేయడానికి వేశారు. గుర్రాలు బరువు లాగగలగాలి కనుక వాలు ఎక్కడా నిటారుగా ఉండదు. పాడేరు ఘాట్‌లో ఇబ్బంది పడేవారు ఇక్కడా కొంత పడతారు. కడుపు నిండా తిని బయలుదేరకుండా, ముందు సీటులో కూర్చుని, అబ్బాయిని నెమ్మదిగా నడపమంటే సరిపోతుంది. శాన్ హోసే నుంచి గంట ప్రయాణం. పైన హోటళ్లు గాని, దారిలో పెట్రోలు బంకులు గాని లేవు. పులిహోర, నీళ్లు వెంట తీసుకువెళ్లండి.

హామిల్టన్ పర్వతం మీద సుమారు 1,280 మీటర్ల ఎత్తున ఉన్న ఈ వేధశాల 1888లో పూర్తయింది. ఏడాది పొడవునా మనుషులు అక్కడే నివసిస్తూ పనిచేసేలా పర్వత శిఖరం మీద కట్టిన మొదటి వేధశాల ఇదే. అంతకు ముందు వేధశాలలు ఎక్కువగా ఊళ్లలో ఉండేవి. కొండ మీద గాలి ఎంత మేలు చేస్తుందో ఇక్కడ రుజువైన తరువాతే మిగతావారు శిఖరాల బాట పట్టారు. దీనికి 7 లక్షల డాలర్లు రాసి ఇచ్చిన జేమ్స్ లిక్ శాస్త్రజ్ఞుడు కాదు. పియానోలు తయారుచేసి, భూములు కొని ధనవంతుడైనవాడు. వేధశాల పూర్తి కాకముందే 1876లో మరణించాడు. 1887లో ఆయన అస్థికలను తెచ్చి, పెద్ద దూరదర్శినిని మోసే స్తంభం అడుగున సమాధి చేశారు. దూరదర్శిని కింద, నేల మట్టంలో, ఇక్కడ జేమ్స్ లిక్ దేహం ఉన్నదని చెప్పే చిన్న ఫలకం చూడవచ్చు.

ఆ దూరదర్శిని చూడవలసిన వస్తువు. 36 అంగుళాల కటకం, 57 అడుగుల గొట్టం; 1897 వరకు కటకంతో పనిచేసే దూరదర్శినుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. గొట్టం ఆకాశంలో ఏ మూలకు తిరిగిందన్నదాన్ని బట్టి కంటి భాగం పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. మనిషి నిచ్చెనలెక్కి తంటాలు పడకుండా, గోపురం లోపలి చెక్క నేల మొత్తం నీటి ఒత్తిడితో పైకీ కిందికీ కదిలేలా చేశారు. 1892లో ఖగోళ శాస్త్రవేత్త బర్నార్డ్ ఈ దూరదర్శినితోనే గురుగ్రహానికి ఐదవ చంద్రుణ్ణి కనుగొన్నాడు. గెలీలియో 1610లో నాలుగు చంద్రులను చూసిన తరువాత మరొకటి దొరకడం అదే మొదటిసారి.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1898 జనవరి 22 నాటి సూర్యగ్రహణానికి లిక్ వేధశాల వారు కెమెరాలతో మన దేశానికే వచ్చి, మహారాష్ట్రలోని జేవూర్ దగ్గర విడిది చేశారు.

దృశ్యం విషయానికి వస్తే, పడమర వైపు సిలికాన్ లోయ అంతా పరిచినట్టు కనిపిస్తుంది. గాలి తేటగా ఉంటే తూర్పున దూరంగా సియెర్రా నెవాడా పర్వతాల వరుస కూడా కనిపిస్తుంది. వేసవి ఉదయాల్లో పసిఫిక్ సముద్రపు మంచు ఊళ్లను కప్పివేస్తుంది, కొండ మాత్రం దానికి పైన ఎండలో ఉంటుంది. కొడైకెనాల్‌ను గురించి పైన రాసినదే ఇక్కడ సముద్రం పక్కన జరుగుతోంది. రాత్రి పూట ఆ మంచు ఊరి దీపాల వెలుగును కూడా కప్పివేస్తుంది కనుక వేధశాలకు అది మేలే చేస్తుంది. పెరుగుతున్న నగరం వెలుగు ఆ దూరదర్శినులకు పెద్ద బెడద అయింది. శాన్ హోసే నగరం వేధశాల కోసం వీధుల్లో పసుపురంగు సోడియం దీపాలను వాడింది. ఒకే రంగు వెలుతురు కనుక శాస్త్రజ్ఞులు దాన్ని సులువుగా వడగట్టుకోగలరు. ఒక నగరం తన కొండ మీది వేధశాల కోసం వీధి దీపాలను మార్చుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం.

మీ మోకాళ్లకు సంబంధించినంత వరకు, కారు భవనం దగ్గరి దాకా వెళ్తుంది; ప్రధాన భవనంలో నడక తక్కువ. చలికోటు వేసవిలో కూడా దగ్గర ఉంచుకోండి. సందర్శన రోజులు, వేళలు, పెద్ద గోపురంలోకి ప్రవేశం మారుతూ ఉంటాయి. ఆ వారం గోపురం తెరిచి ఉందో లేదో అబ్బాయిని వారి వెబ్‌సైట్‌లో చూసి నిర్ధారించుకోమనండి.

ప్రశ్న: కొడైకెనాల్, అమెరికా మాకు సాధ్యం కాదు. విశాఖపట్నం చుట్టుపక్కల కొండ మీద నిలబడి నక్షత్రాలూ చూసి, మంచి దృశ్యమూ చూడగల చోటు ఏదైనా ఉందా? పిల్లలు ఆరు, తొమ్మిది తరగతులు చదువుతున్నారు.
(ఒక పాఠకుడు, మధురవాడ)

సమాధానం: ఉంది. కైలాసగిరి, సింహాచలం కొండలు నక్షత్రాలకు పనికిరావు. రేవు, ఉక్కు కర్మాగారం, నగరం దీపాల వెలుగంతా సముద్రపు తేమలో చెదిరి ఆకాశాన్ని తెల్లగా చేస్తుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ వైపు వెళ్లండి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారం లోపు, అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో ప్రయాణం పెట్టుకోండి. దూరదర్శిని అక్కరలేదు. మామూలు బైనాక్యులర్ చాలు, అది లేకపోయినా పరవాలేదు. సూర్యుడు ఉదయించాక మాత్రం బైనాక్యులర్‌ను పిల్లల చేతి నుంచి తీసి సంచిలో పెట్టివేయండి. దానితో సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కంటికి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది.

జనవరి నడిమి రోజుల్లో ఉదయం 5 గంటల వేళ అక్కడి ఆకాశం ఎంతో నిండుగా ఉంటుంది. ఉత్తరాన సప్తర్షి మండలం బాగా పైకి వచ్చి ఉంటుంది. దాని తోకకు ఎదురు కొసనున్న రెండు నక్షత్రాలను కలిపే గీతను కిందికి పొడిగిస్తే ధ్రువుడు దొరుకుతాడు. పిల్లలను చేయి చాచి పిడికిలి బిగించి, క్షితిజం నుంచి ధ్రువుడి దాకా పిడికిళ్లు కొలవమనండి. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. మన దగ్గర ధ్రువుడు దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులో ఉంటాడు, ఎందుకంటే ధ్రువుడి ఎత్తు ఆ ఊరి అక్షాంశంతో ఇంచుమించు సమానం. ఇదే కొలత కొడైకెనాల్‌లో ఒక్క పిడికిలే, లిక్ వేధశాల దగ్గర నాలుగు పిడికిళ్లకు కొంచెం తక్కువ. ఆ తరువాత వెనుతిరిగి దక్షిణం వైపు చూస్తే, కొండల అంచుకు ఒక పిడికిలి పైన నాలుగు నక్షత్రాలు శిలువ ఆకారంలో నిలబడి ఉంటాయి. అదే త్రిశంకువు. కాలిఫోర్నియా నుంచి అది ఎన్నడూ కనిపించదు. ఈ ఒక్క విషయంలో మధురవాడ పిల్లలు లిక్ వేధశాలలో పనిచేసేవారి కంటే అదృష్టవంతులు.

తెల్లవారే వేళకు కింది లోయంతా మంచుతో నిండి, పాల సముద్రంలా కనిపించే దృశ్యం కోసమే వంజంగికి ఇప్పుడు వేలమంది వస్తున్నారు. సెలవు రోజుల్లో సెల్‌ఫోన్ దీపాలతో, స్పీకర్లతో కొండ నిండిపోతుంది కనుక వారం మధ్యలో వెళ్లండి. రాత్రి కొండ మీద ఉండడానికి అనుమతి ఉందో లేదో స్థానికంగా కనుక్కోండి; లేకపోతే పాడేరులో బస చేసి, వీధి దీపాలకు దూరంగా ఊరి శివారులో నక్షత్రాలు చూసి, ఆ తరువాత కొండ ఎక్కవచ్చు. చలి గట్టిగా ఉంటుంది. స్వెటర్లు, చెవులకు మఫ్లరు, గట్టి బూట్లు కావాలి. తిరుగు ప్రయాణం ఎనిమిది గంటలు దాటాకే మొదలుపెట్టండి. అంతకు ముందు ఘాట్ రోడ్డు మీద మంచు వల్ల ఎదురు బండి కనిపించదు.